నలభై ఒక్క సంతకాలూ, మా సారూ

మా సారు పోయారన్న కబురు మంగళవారం పొద్దున డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను నమ్మలేదు. దుఃఖంతో నమ్మలేకపోవడం వేరే సంగతి, అది తర్వాత వచ్చింది. ముందు మాత్రం అచ్చంగా అనుమానమే. "కృత్రిమ మేధ నైతికత రంగానికి తీరని లోటు" అని రాసి, కింద వరసగా దండాల బొమ్మలు పెట్టారు. ఎవరు రాశారో లేదు. ఇంకెక్కడినుంచో ఫార్వర్డ్ అయి వచ్చింది. ఏ వార్త చెప్పినా మా సారు రెండు ప్రశ్నలు అడిగేవారు: "ఎవరు చెప్పిన్రు? వాళ్ళకెట్ల తెలుసు?" ఆ రెండూ అడక్కుండా నేను ఏడిస్తే ఆయనకే నచ్చదు. అందుకని వాళ్ళింటికి ఫోన్ చేశాను.

ఫోన్ అమ్మ ఎత్తారు. సారు భార్యను మేమంతా అమ్మా అనే పిలిచేవాళ్ళం.

"నిజమే బిడ్డా," అన్నారు. "పొద్దున లేసిండు, చాయ్ తాగిండు, పేపర్ పట్టుకున్నడు. గంతే. దవాఖానకు తీస్కపోయేటాలకే అయిపోయింది."

అప్పుడు నమ్మాను.

వారం తర్వాత యూనివర్సిటీలో సంతాప సభ పెట్టారు. వెళ్ళాను కానీ, అక్కడ కూర్చున్నంతసేపూ నా మనసు మంచిగా లేదు. ఆయన బతికున్నప్పుడు ఆయనకు గది ఇవ్వడానికి అడ్డుపడిన పెద్దమనిషి ఆయన దూరదృష్టి గురించి పావుగంట మాట్లాడారు. స్టేజీ మీద బ్యానర్‌లో సారు ఫొటో ఉంది. ఫొటో ఎవరో ఏదో యాప్‌లో వేసి బాగుచేశారు. జుట్టు నల్లబడింది, చెంప మీది మచ్చ మాయమైంది, పెదవుల మీదికి ఒక చిరునవ్వు వచ్చి కూర్చుంది. నాలుగేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను, ఆయన అలా నవ్వడం నేను చూడలేదు. మనుషుల ముఖాలను యంత్రం తప్పుగా చదువుతుందని జీవితమంతా చెప్పిన మనిషికి ఆఖరికి యంత్రం చేసిన ముఖం తగిలించి, దానికే దండ వేశారు. పక్కన కూర్చున్నాయనతో ఆ మాట అంటే, "బాగానే ఉంది కదా మేడమ్, వయసు తగ్గింది," అన్నాడు. అందుకే ఇంటికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. సారు గురించి ఎవరో ఒకరు మచ్చతో సహా చెప్పాలి.

సారుది మహేశ్వరం వైపు ఊరు. వ్యవసాయం ఇల్లు. కంప్యూటర్లు చదివి, చాలా ఏళ్ళు ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పి, నడివయసులో దారి మార్చారు. ఈ యంత్రాలు మనుషుల మీద తీర్పులు చెప్పడం మొదలుపెడితే ఏమవుతుందన్నది ఆయన ప్రశ్న. అప్పటికి దీనికి మన దగ్గర పేరు కూడా లేదు. ప్రమోషన్ ఇంటర్వ్యూకి వెళ్తే కంప్యూటర్ వాళ్ళు ఇది మా సబ్జెక్టు కాదన్నారు. సామాజిక శాస్త్రాల వాళ్ళు మాది అసలే కాదన్నారు. అలా రెండు గుమ్మాల మధ్య నిలబడి రిటైరయ్యే దశకు వచ్చారు. తర్వాత కాలం తిరిగింది. ఏఐ నీతి అనే మాట అందరి నోటా పడింది. ప్రతి కాలేజీలో ఒక సెంటరు, ఒక సెమినారు, ఒక శాలువా. ఆయనను వెతుక్కుంటూ కార్లు రావడం మొదలైంది. సంతోషించాల్సిన మనిషి ఇంకా ఎక్కువ అనుమానంలో పడ్డారు.

"ఇన్నేండ్లు పిలువనోళ్ళు ఇప్పుడు పిలుస్తున్నరంటే, మనతోని ఏదో పని పడ్డది బిడ్డా," అనేవారు. "గా పనేందో తెలిసేదాంక శాలువా కప్పుకోవద్దు."

శంషాబాద్ మార్కెట్ వెనక సందులో మేడ మీద రెండు గదుల కిరాయి పోర్షన్ ఆయనది. ఆదివారాలు మా నలుగురు రీసెర్చ్ స్కాలర్లకీ క్లాసు అక్కడే, బయట డాబా మీద. విమానాలు ఎంత కిందినుంచి పోయేవంటే మాట వినిపించేది కాదు. విమానం చప్పుడు మొదలవగానే సారు వేలు ఎత్తేవారు. వాక్యం మధ్యలో, ఒక్కోసారి మాట మధ్యలో ఆగిపోయేవారు. చప్పుడు పోయాక వేలు దించి, సరిగ్గా ఆగిన చోటునుంచి అందుకునేవారు. కొత్తగా వచ్చినవాళ్ళకి నవ్వొచ్చేది. మాకు అలవాటైపోయి, ఫోన్‌లో మాట్లాడుతూ ఆయన ఆగినా విమానం పోతోందని ఊరుకునేవాళ్ళం.

ఆయన లాప్‌టాప్ కెమెరా మీద అమ్మ బొట్టుబిళ్ళ ఒకటి అంటించి ఉండేది. మెరూన్ రంగుది. ఊడిపోతే అమ్మ బిళ్ళల ప్యాకెట్ అడిగి ఇంకొకటి అంటించుకునేవారు. క్యాబ్ ఎక్కేవారు కాదు, బస్సే. కూరగాయల దగ్గర తూకం ముల్లు సున్నా మీద ఉందా లేదా అని వంగి చూసేవారు. ఆ అమ్మేవాళ్ళకీ తెలుసు, ఈయన వస్తుంటేనే ఖాళీ తట్ట ఎత్తి చూపించేవాళ్ళు. అమ్మ మాత్రం విసుక్కునేవారు. "మీ సారు నన్ను గూడ వదలడు బిడ్డా. పప్పుల ఉప్పు రెండుసార్లేసినవా అని అడుగుతడు. ఒకసారి ఏసిన అంటే, ఎట్ల తెలుసు అంటడు." ఆ మాట అంటున్నప్పుడు సారు తల వంచుకుని అన్నం కలుపుకునేవారు.

నాది తుక్కుగూడ. మా నాన్న పొలం పోయిన చోట ఇప్పుడు ప్లాట్ల రాళ్ళున్నాయి. మా వైపు చాలామంది అలాగే భూమి అమ్మి, కారు కొని, ఎయిర్‌పోర్ట్ దగ్గర క్యాబ్ నడుపుకుంటున్నారు. అందుకే సారు దగ్గర పీహెచ్‌డీలో చేరినప్పుడు నా అంశం వెతుక్కోనక్కర్లేకపోయింది. అప్పుడే కొన్ని క్యాబ్‌లలో అద్దం పక్కన చిన్న కెమెరాలు బిగిస్తున్నారు. డ్రైవర్ ముఖాన్ని అది చూస్తూనే ఉంటుంది. కళ్ళు మూతపడుతున్నాయనుకుంటే నిద్రమత్తు అని రాసుకుంటుంది. అలా కొన్నిసార్లు రాసుకుందంటే డ్రైవర్ ఐడీ ఆగిపోతుంది. ఐడీ ఆగితే ట్రిప్పు రాదు. ఎందుకు ఆపావని అడగడానికి ఎదురుగా మనిషి ఉండడు. ఈ కెమెరా ఎవరిని తప్పుగా చూస్తోందో, వాళ్ళ బతుకేమవుతోందో రాయాలని నా తాపత్రయం.

క్యాబ్‌ల పార్కింగ్‌లో మొదటి నెల నాతో ఎవరూ మాట్లాడలేదు. అంతసేపూ కబుర్లు చెప్పుకుంటున్నవాళ్ళు నేను వస్తే ఫోన్లు తీసేవాళ్ళు. నన్ను ఆ కెమెరా కంపెనీయే పంపిందని ఒకరు, టాక్సుల ఆఫీసునుంచి వచ్చానని ఇంకొకరు. నేను అసలు తుక్కుగూడ పిల్లనే కాదని కూడా ఒకాయన తేల్చేశాడు. మా నాన్న పేరు, మా తాత పేరు, మా ఇంటి పక్క ఇంటివాళ్ళ పేరు చెప్పించుకున్నాక కూడా తల అడ్డంగా ఊపాడు. దానికితోడు నా చేతిలో కాగితాలు. పరిశోధన ఎవరి మీద చేస్తున్నామో వాళ్ళనుంచి ఒప్పుకోలు పత్రం తీసుకోవాలని యూనివర్సిటీ నీతి కమిటీ నియమం. మంచి నియమమే. కానీ ఆ పత్రంలో తెలుగు "స్వచ్ఛందంగా పాల్గొనుటకు సమ్మతించుచున్నాను" అనే తెలుగు. పైన యూనివర్సిటీ ముద్ర, కింద సంతకం పెట్టడానికి గీత. మా వైపు సంతకం పెట్టమంటే భూమి సంగతే అనుకుంటారు. ఒక్కరంటే ఒక్కరు పెట్టలేదు.

అప్పుడు గోపాలన్న దొరికాడు. డ్రైవర్ల సంఘం నాయకుడు. మా మేనత్త అత్తగారి ఊరివాడు, వరసకు అన్న అవుతాడు. నా గోడంతా విని, "ఇయ్యి చెల్లె గా కాగితాలు," అని తీసుకుని పోయాడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా తెచ్చి చేతిలో పెట్టాడు. నలభై ఒక్క పత్రాలు. నలభై ఒక్క సంతకాలు. నేను ఎగిరి గంతేశాను. ఆ తర్వాత పార్కింగ్‌లో అందరూ మాట్లాడారు. చాయ్ తెప్పించి మరీ చెప్పారు. మూడు నెలల్లో నా రికార్డింగులన్నీ పూర్తయ్యాయి.

ఆ ఊపులోనే ఒక పెద్ద సంస్థలో పరిశోధన ఉద్యోగం ప్రకటన పడింది. సరిగ్గా నా అంశం. థీసిస్ ఇచ్చేసి ఉండాలి, గడువు ఆరు వారాలు. మా రంగంలో అలాంటి ఉద్యోగం మళ్ళీ ఎన్నేళ్ళకి వస్తుందో ఎవరూ చెప్పలేరు. నేను అధ్యాయాలన్నీ బైండు చేయించి, పత్రాల కట్టతో సహా సారు ముందు పెట్టాను.

సారు అధ్యాయాలు ముట్టుకోలేదు. పత్రాల కట్ట విప్పారు. ఒక్కొక్కటీ తీసి డాబా గోడ మీద వరసగా పరిచి, గాలికి ఎగరకుండా చెప్పులు, పుస్తకాలు, చాయ్ గ్లాసులు పెట్టి, వాటి ముందు అటూ ఇటూ నడిచారు.

"అన్నీ ఒక్కతీరు పెన్ను," అన్నారు.

"గోపాలన్న పెన్ను సార్."

"అన్నీ ఒక్కటే తారీకు."

"ఒక్క పూటలో చేయించాడు సార్, పాపం."

"ఒక్క పూటల నలభై ఒక్కమంది ఒప్పుకున్నరా? మా ఇంట్ల ఇద్దరమే ఉన్నం బిడ్డా. సాయంత్రం ఏం కూర వండాల్నో ఒప్పుకోనీకి గంతకంటె ఎక్కువసేపు పడతది." పత్రాలు మళ్ళీ కట్ట కట్టి నా చేతికిచ్చారు. "వాళ్ళు దేనికి ఒప్పుకున్నరో ఒక్కొక్కలను అడిగి రా. గప్పటిదాంక గీ థీసిస్ నేను సదువ."

నేను ఒప్పుకోలేదు. సంతకాలున్నాయి, కమిటీ నియమం తీరింది, ఇంకేం కావాలన్నాను. గడువు ఆరు వారాలే ఉందన్నాను. గొంతు కూడా పెంచాను. ఆయన సోమవారం పొద్దున తన సొంత విద్యార్థిని పరిశోధన మీద తానే నీతి కమిటీకి ఉత్తరం రాసి, నా పని ఆపించారు. ఏ గైడూ అలా చేసినట్టు నేను వినలేదు. డిపార్ట్‌మెంట్ మొత్తానికీ సాయంత్రానికల్లా తెలిసిపోయింది.

ఆ వారంలోనే తోటి స్కాలర్ ఒకమ్మాయి తన ఫోన్ తెచ్చి చూపించింది. నేను ఎవరి కెమెరా గురించి రాస్తున్నానో ఆ కంపెనీ వెబ్‌సైట్. అందులో "నైతిక సలహా మండలి" అని ఒక పేజీ. ఆ పేజీలో మా సారు ఫొటో. చూసిన క్షణంలో అన్నీ అర్థమైపోయాయనుకున్నాను. బొట్టుబిళ్ళ, బస్సు, శాలువా వద్దనడం, అంతా నాటకం. నా థీసిస్ బయటికొస్తే నష్టం ఎవరికి? ఆ కంపెనీకి. ఆపింది ఎవరు? ఈయన.

అడిగేయాలని ఆ సాయంత్రమే మేడెక్కాను. సారు డాబా మీద ధనియాలు ఆరబోసి, వాటిలో పుల్లలు ఏరుతున్నారు.

"సార్, ఆ కెమెరా కంపెనీకీ మీకూ సంబంధం ఏంది?"

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చేతులు దులుపుకుని నా వైపు తిరిగారు.

"నా దగ్గర చేరి మూడేండ్లయింది. గీ మాట ఇప్పుడా అడిగేది? మొదటి రోజే అడగాలె." లోపలికి వెళ్ళి బీరువా తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు. "నేను చెప్తే నమ్మకు. కాగితాలన్నీ అండ్లనే ఉన్నయ్. సూస్కో."

మర్యాదకు వద్దనాల్సింది. నేను వద్దనలేదు. రెండు రోజులు ఆ బీరువా ముందు కింద కూర్చుని, ఉన్న ప్రతి కాగితం చదివాను. అమ్మ జొన్నరొట్టె తెచ్చి పక్కన పెడుతూ, "ఏం వెతుకుతున్నవ్ బిడ్డా?" అని అడిగితే చెప్పడానికి సిగ్గేసింది. సారు బయట కూర్చుని పేపర్ చదువుకున్నారు.

కంపెనీ ఆహ్వానం దొరికింది. ఒప్పుకుంటూ సారు రాసిన ఉత్తరం దొరికింది. నాలుగు మీటింగుల నోట్సు దొరికాయి. ప్రతి మీటింగులోనూ ఈ కెమెరా డ్రైవర్లందరినీ ఒకేలా చూడదనీ, ముందు పరీక్షించాలనీ సారు చెప్పారు. ప్రతిసారీ కంపెనీవాళ్ళు "గమనించడమైనది" అని రాశారు. తర్వాత రాజీనామా. తర్వాత తన పేరు, ఫొటో తీసేయమని మూడు ఉత్తరాలు. వాటికి జవాబుల్లేవు.

"నాలుగుసార్లు వద్దన్న," అన్నారు సారు, నేను తాళంచెవి తిరిగిస్తుంటే. "వద్దన్నందుకే వాళ్ళకు పనికొచ్చిన. మా దగ్గర వద్దనెటాయన గూడ ఉన్నడని జనాలకు చూపెట్టుకున్నరు. ఏం కాగితమో సరిగ సూడక నేను గూడ ఒక సంతకం పెట్టిన బిడ్డా. గది తప్పే."

నాకు జాలి వేసింది. కానీ మూడేళ్ళ శిక్షణ ఊరికే పోదు. "సార్, నేను వచ్చేలోపు మీరు ఏదైనా కాగితం తీసేసి ఉండొచ్చు కదా. నాకెట్ల తెలుసు?" అన్నాను.

ఆయన పగలబడి నవ్వారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంత నవ్వు. లోపలినుంచి అమ్మ పరిగెత్తుకొచ్చారు ఏమైందోనని. "గిప్పుడు జర పనికొస్తవ్," అన్నారు నాతో. "నన్ను గూడ ఇడిసిపెట్టకు. పో, ఇగ గా డ్రైవర్లను అడుగు."

వెళ్ళాను. ఆయన మాట మీద గౌరవంతో వెళ్ళానని రాస్తే బాగుంటుంది, కానీ నిజం కాదు. సంతకాలు సరైనవేనని రుజువు చేసి ఆయన నోరు మూయించాలని వెళ్ళాను.

పార్కింగ్‌లో మొదట కనిపించింది యాదగిరన్న. అది ఆయన అసలు పేరు కాదు. ఏ పేరు పెట్టమంటావని అడిగితే ఆయనే చెప్పిన పేరు. ఆయన ఎడమ కంటి రెప్ప సగం కిందికి వాలి ఉంటుంది. చూపు బాగానే ఉంటుంది, రెప్పే లేవదు. కెమెరాకు ఆయన రోజంతా కునుకు తీస్తున్నట్టే కనిపించాడు. ఐడీ ఆపేసి అప్పటికి అయిదు నెలలు. ట్రిప్పు రాకపోయినా రోజూ పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పార్కింగ్‌కి వచ్చి కారులో కూర్చునేవాడు. నా థీసిస్‌లో రెండో అధ్యాయం మొత్తం ఆయన మీదే.

"అన్నా, మనం సంతకాలు పెట్టించిన కాగితం దేనికనుకున్నవ్?" అని అడిగాను.

"ఏందక్కా గట్లడుగుతవ్? ఐడీలు మళ్ళ తెరిపిచ్చెతందుకే గద. గోపాలన్న చెప్పిండు, పెద్ద యూనివర్సిటీ మేడమ్ తెచ్చింది, ముద్ర గూడ ఉన్నది, అందరు దస్కత్ చేయుండ్రి అని."

గోపాలన్న అబద్ధం చెప్పలేదు. ఆయనా అలాగే అనుకున్నాడు. ముద్ర ఉన్న కాగితం పట్టుకుని చదువుకున్న మనిషి వచ్చిందంటే వాళ్ళ పని చేసిపెట్టడానికి కాక ఇంకెందుకు వస్తుంది? ఆ పని నా చదువు కోసమని ఊహించడానికి వాళ్ళ దగ్గర కారణమే లేదు.

నేను నిజం చెప్పాను. కాగితం నా పరిశోధన కోసమని, దానివల్ల ఐడీ తెరుచుకోదని, తెరిపించే అధికారం నాకు లేదని. యాదగిరన్న స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ముందుకు చూశాడు.

"ఫ్యాక్టరీ బస్సు నడపనీకి పిలిచిన్రు అక్కా, పోయిన నెల," అన్నాడు. "పోలే. ఐడీ తెరుస్తరు గద, నువ్వు కాగితం తీస్కపోతివి గద అని. రోజు ఫోన్ సూస్కుంట కూసున్న." తర్వాత నా వైపు తిరిగాడు. "మరి నాలుగు నెలలసంది నేను దేనికోసం కూసున్నట్టు?"

కెమెరా ఆయనను అయిదు నెలలు కూర్చోబెట్టింది. అందులో నాలుగు నెలలు నేనూ కూర్చోబెట్టాను. కెమెరా చేసింది రెండో అధ్యాయంలో ఉంది. నేను చేసింది ఎక్కడా లేదు.

"నువ్వు మంచిదానివే అక్కా," అన్నాడు ఆఖరికి. "కాని ఇగ నీ కాగితం మీద పెట్ట."

మిగిలిన నలభైమందినీ అడిగాను. ఒక్కొక్కరితో గంట, రెండు గంటలు. ఒకరిద్దరు తిట్టారు. చాలామంది తిట్టకుండా కారు అద్దం ఎత్తేశారు, అదే ఎక్కువ బాధనిపించింది. గోపాలన్న నాతో మాట్లాడటం మానేశాడు. అంతా విన్నాక ఆఖరుకి పదిహేడుమంది ఒప్పుకున్నారు. ఉద్యోగం గడువు దాటిపోయింది. రెండో అధ్యాయం తీసేశాను. థీసిస్ సగానికి పడిపోయి, ఏడాది తర్వాత పట్టా వచ్చింది.

సారు యాదగిరన్నను వెంటబెట్టుకుని ఆ క్యాబ్‌ల ఆఫీసుకి మూడుసార్లు వెళ్ళారు. ఆయన కన్ను అంతేనని డాక్టరుతో రాయించి ఇచ్చారు. ఏమీ కాలేదు. ఐడీ తెరుచుకోలేదు. ఇక్కడ ఏదో మంచి జరిగిందని రాయాలనుంది కానీ జరగలేదు.

ఇప్పుడు నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో వృత్తి నీతి అనే పేపర్ చెబుతున్నాను. పిల్లలు ఎక్కువగా ఎగ్గొట్టేది ఆ క్లాసే. అప్పట్లో నేను దరఖాస్తు చేయలేకపోయిన ఉద్యోగంలో చేరినాయన పేరు పేపర్లో చూసినప్పుడల్లా లోపల చురుక్కుమంటుంది. సారు మీద కోపం పూర్తిగా పోయిందని చెప్పను. ఆయన మీద అనుమానం కూడా పూర్తిగా పోలేదు. కమిటీకి ఉత్తరం రాసే ముందు నాకు ఇంకో వారం ఇవ్వొచ్చు కదా అని ఇప్పటికీ అనుకుంటాను. అంత తొందర ఎందుకు పడ్డారు?

ఆఖరుసారి చూసింది మొన్న ఎండాకాలం. పరీక్ష పేపర్లు దిద్దడం అయ్యాక ఒక ఆదివారం వెళ్ళాను. సన్నబడ్డారు. చాయ్ తాగుతూ, "ఇంకా నా మీద కోపమేనా?" అని అడిగారు.

"అవును సార్."

"మంచిది," అన్నారు. "పోగొట్టుకోకు. కాని నువ్వు ఇంకొకల పని ఆపినప్పుడు వాళ్ళకు గూడ నీ మీద కోపం ఉండనియ్యి. నచ్చజెప్పనీకి పోకు." ఆ వెంటనే విమానం వచ్చింది. వేలు ఎత్తారు. అది పోయాక, ఆ మాట అయిపోయినట్టే, అమ్మను ఇంకొంచెం చాయ్ అడిగారు.

ఆయన నాకు చేసింది మేలా కీడా అని ఎవరైనా అడిగితే మేలే అంటాను. నాకు మంచి ఉద్యోగం లేకుండా చేశారు. ఒక మనిషి ఆశ మీద కూర్చుని నేను నీతి గురించి పుస్తకం రాయకుండా కూడా ఆపారు. ఆ రోజు ఆయన నన్ను పంపకపోతే యాదగిరన్న ఇంకెన్ని నెలలు ఆ కారులో కూర్చునేవాడో. అది తలుచుకుంటే ఇప్పుడు కూడా నాకు భయమేస్తుంది. సార్, మీకు దండం పెట్టాలని ఉంది. బతికుండగా పెట్టనివ్వలేదు, ఎందుకు పెడుతున్నావని అడిగేవారు.

ఇంతవరకు రాశాక కలం ఆగింది. సారు గురించి రాయాలంటే యాదగిరన్న గురించి రాయక తప్పదు. ఆయన మళ్ళీ నాకు సంతకం పెట్టనన్నాడు. అందుకని కాగితాలన్నీ ప్రింటు తీసుకుని పోయిన శనివారం మధ్యాహ్నం వెళ్ళాను. ఇప్పుడాయన కాలేజీ బస్సు నడుపుతున్నాడు. తుక్కుగూడ చౌరస్తా దాటాక పిల్లలు దిగిన ఖాళీ బస్సు ఆపుకుని, మెట్టు మీద కూర్చుని డబ్బా తింటున్నాడు. నా చేతిలోవి చూశాడు.

"మళ్ళ కాగితమా?"

"సంతకం వద్దన్నా. సార్ గురించి రాసిన. అండ్ల నీ ముచ్చట గూడ ఉన్నది. సదువు. వద్దంటే తీసేస్త."

"వద్దంటే నీకేమైతది?"

"నాకేం గాదు."

నమ్మినట్టు లేడు. డబ్బా మూత పెట్టి, చేతులు కడుక్కుని, ప్యాంటుకు తుడుచుకుని కాగితాలు అందుకున్నాడు. ఒక్కొక్క వరస కింద వేలు పెట్టి చదివాడు. ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు, కూర్చోమని ఆయన అనలేదు కాబట్టి ఎండలోనే నిలబడ్డాను. సారు పోయారన్న చోట ఆగి, "మొన్ననే తెలిసింది," అన్నాడు. అయిదు నెలల సంగతి రెండుసార్లు చదివాడు. చిన్నప్పుడు ఆయన కన్నుకు ఏమైందో నేనొక వాక్యం రాశాను. అక్కడ వేలు ఆగిపోయింది.

"గిది తీసెయ్యక్కా. గది మా ఇంటి ముచ్చట."

సంచిలోంచి పెన్ను తీసి అక్కడే కొట్టేశాను. కొట్టేసిన గీత మీద వేలితో రుద్ది, కింది మాట కనబడటం లేదని చూసుకున్నాడు.

"ఇగ ఉండనియ్యి," అన్నాడు మిగతాదానికి. నేను కాగితాల కోసం చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు.

"వెనక ఏం లేదు గద?"

"ఏం లేదన్నా."

ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, మొదటి కాగితం వెనక్కి తిప్పాడు. ఖాళీగానే ఉంది. దాన్ని ఎండకు ఎత్తి పట్టి, మంచి కంటినీ వాలిన కంటినీ చికిలించి ఆ మూలనుంచి ఈ మూలదాకా చూశాడు. అది పక్కన పెట్టి, రెండోది ఎత్తాడు.